కెనడా ప్రభుత్వం చెప్పే శరణార్థుల అంకెలో మనలాంటి స్పాన్సర్లు ఎక్కడ? సూడాన్ కుటుంబం గురించి సలహా కావాలి

కిచెనర్_వెంకట్:

అందరికీ నమస్కారం. మేం ఒంటారియోలోని కిచెనర్‌లో ఉంటాం. పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చి నాలుగేళ్ళయింది. నాతోపాటు వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసే ఒక సూడాన్ ఫ్రెండ్ ఉన్నాడు, అతను ఇక్కడ సిటిజన్. వాళ్ళది ఖార్తూమ్‌కి నదికి ఇవతల ఉన్న ఒమ్‌దుర్మాన్. 2023 ఏప్రిల్ 15న అక్కడ సైన్యానికీ ఆర్ఎస్ఎఫ్ అనే దళానికీ యుద్ధం మొదలయ్యాక అతని చెల్లెలు ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని బస్సులు మారుతూ ఈజిప్టు చేరింది. ఇప్పుడు కైరోలో ఇంకో కుటుంబంతో కలిసి ఒకే గదిలో ఉంటోంది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఆఫీసు ఇచ్చిన పసుపు కార్డు ఉంది. సూడాన్ వాళ్ళ బంధువుల కోసం 2024 ఫిబ్రవరిలో కెనడా ఒక దారి తెరిచింది కదా, అందులో 3,250 అప్లికేషన్లే తీసుకుంటామన్నారు. మావాడు కాగితాలు సర్దుకునేలోపే అది నిండిపోయింది.

ఐదుగురు కలిస్తే ఒక శరణార్థి కుటుంబాన్ని స్పాన్సర్ చేయొచ్చని, అంటే మన ఖర్చుతో రప్పించి ఏడాది చూసుకోవచ్చని ఎవరో చెప్పారు. నేను, మా ఆవిడ, పక్కింటి గుజరాతీ దంపతులు, మా షిఫ్ట్ సూపర్‌వైజర్. లెక్క సరిపోయింది. డబ్బు కూడా పోగేయగలం అనే ధైర్యం ఉంది. తీరా చూస్తే 2024 నవంబర్ 29 నుంచి ఐదుగురి గ్రూపుల కొత్త అప్లికేషన్లు ఆపేశారట, 2025 డిసెంబర్ 31 దాకా తీసుకోమని మొదట అన్నారట. ఇంకోపక్క వార్తల్లో 2025లో కూడా యాభై ఎనిమిది వేలమంది శరణార్థులకి చోటిస్తామని ప్రభుత్వం అంది. రెండూ ఎలా నిజమవుతాయి? ఇది నా మొదటి ప్రశ్న.

రెండోది మా నాన్నగారిది. తెనాలి నుంచి ఫోన్‌లో అడిగారు: "మాటిచ్చింది ప్రభుత్వం, డబ్బు మీదేమిట్రా? మీరు ఒక కుటుంబాన్ని తెస్తే వాళ్ళు తెచ్చేవాళ్ళలో ఒక కుటుంబం తగ్గించుకోరని గ్యారంటీ ఏమిటి?" నాకు జవాబు తెలీలేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.


మిల్టన్_రాజు:

బ్రో, ఏమీ అనుకోకు. మా తమ్ముడు ఉద్యోగ నైపుణ్యం చూసి పీఆర్ ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో స్కోరు చాలక రెండేళ్ళుగా వర్క్ పర్మిట్ టెన్షన్‌లో ఉన్నాడు. ట్యాక్స్ కడుతున్నాడు, ఇంగ్లీషు పరీక్ష మళ్ళీ మళ్ళీ రాస్తున్నాడు. వాడికి లేని సీటు వాళ్ళకెలా వస్తోంది? పైగా దిగగానే ఇక్కడి పెన్షనర్లకంటే ఎక్కువ డబ్బు ఇస్తారని అందరూ అంటున్నారు. మనవాళ్ళకి ముందు ఏదైనా చేసుకుంటే బాగుంటుందని నా ఫీలింగ్.


హామిల్టన్_సుభద్ర:

వెంకట్ గారూ, మీ నాన్నగారి ప్రశ్నే అసలు ప్రశ్న. అక్కడికి వెళ్ళాలంటే ముందు అంకెలు విప్పాలి. రాజు, నీకూ ఇందులోనే జవాబుంది, కాస్త ఓపిక పట్టు.

నేను రాజమండ్రిలో కోఆపరేటివ్ బ్యాంకులో లెడ్జర్లు రాసి, ఇక్కడికొచ్చాక ఒక చిన్న కంపెనీకి పద్దులు చూసి రిటైరైన మనిషిని. ఏ అంకె కనబడినా అది ఏ కాలమ్‌లోది, ఎవరి ఖాతాలోంచి వచ్చింది అని చూడటం ఒక జబ్బులా పట్టుకుంది. 2016లో మా వీధివాళ్ళం ఐదుగురం కలిసి ఒక సిరియా కుటుంబాన్ని స్పాన్సర్ చేసినప్పుడు కూడా లెక్కల పుస్తకం నా చేతికే ఇచ్చారు. అందుకని ఆ వైపు నుంచే చెప్తాను.

ఇక్కడ ఏటా నవంబర్ 1లోపు ఇమిగ్రేషన్ మంత్రి వచ్చే సంవత్సరాల ప్లాన్‌ని పార్లమెంటు ముందు పెడతారు. 2025కి మొత్తం పీఆర్‌లు 3,95,000. అందులో శరణార్థుల పద్దు 58,350. మీరు వార్తల్లో విన్నది ఇదే. ఇందులో 20,000 మంది ఇప్పటికే కెనడా గడ్డమీద ఉండి, ఇక్కడే శరణు అడిగి, కేసు గెలిచినవాళ్ళూ బయట ఉండిపోయిన వాళ్ళ భార్యాబిడ్డలూను. వాళ్ళని ప్రభుత్వం ఏ యుద్ధభూమి నుంచీ ఏరి తేవట్లేదు. ఇక మిగిలింది 38,350. అందులో ప్రభుత్వం తన ఖర్చుతో తెచ్చేది 15,250. మీలాంటి, మాలాంటి ప్రైవేటు స్పాన్సర్లు తెచ్చేది 23,000. ఇంకో 100 రెండూ కలిపిన పద్దు. వాళ్ళకి ఆరునెలల ఖర్చు ప్రభుత్వానిది, ఆరునెలలు స్పాన్సర్లది.

అంటే బయటి దేశాల నుంచి తీసుకొచ్చే ప్రతి ఐదుగురిలో ముగ్గురి ఏడాది తిండి, అద్దె, చలికోట్లు మామూలు జనం జేబులోంచి వస్తున్నాయి. ప్రెస్ మీట్‌లో మాత్రం "కెనడా ఇంతమందిని ఆదుకుంటోంది" అని ఒకే అంకె. అది అబద్ధం కాదు. వీసా, సెక్యూరిటీ చెక్, వైద్యపరీక్ష, వచ్చాక బడి, ఆస్పత్రి ఇవన్నీ ప్రభుత్వానివే. కానీ మాటిచ్చింది ఎవరు, మోస్తున్నది ఎవరు అని విడదీసి చూడకపోతే మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు దొరకదు.

ఆయన భయం ఉత్తిదేం కాదు, ఒకసారి అచ్చంగా అలాగే జరిగింది. వియత్నాం, కంబోడియా, లావోస్ నుంచి జనం పడవల్లో పారిపోతున్న రోజులు. 1979 జులైలో ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వం 1980 చివరికల్లా 50,000 మందిని తెస్తామంది. పద్ధతి బ్రహ్మాండం: జనం ఒకరిని స్పాన్సర్ చేస్తే ప్రభుత్వం ఇంకొకరిని తెస్తుంది, ఒకటికి ఒకటి. జనం వాటాగా అనుకున్నది 21,000. ఒట్టావా మేయర్ మేరియన్ డ్యూవార్ మా ఒక్క ఊరే నాలుగువేలమందికి చోటిస్తుందని ప్రకటించింది. చర్చిలు, ఆఫీసులు, వీధి సంఘాలు పోటీలుపడ్డాయి. కొన్ని నెలల్లోనే జనం తమ వాటా దాటేశారు. అప్పుడు, డిసెంబర్‌లో, ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? జనం ఎక్కువ తెస్తున్నారు కాబట్టి మా వాటా కూడా అందులోంచే సర్దుకుంటాం, ఇక ఒకటికి ఒకటి లేదు అంది. స్పాన్సర్లు మండిపడ్డారు. మేం పెట్టింది మీ లెక్కకి అదనంగా గానీ మీ బదులుగా కాదు అని. 1980 ఏప్రిల్‌లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం తన ఖర్చుమీద ఇంకో 10,000 కలిపి మొత్తం 60,000 చేసింది. ఆ పనికే 1986లో కెనడా ప్రజలకి, శరణార్థులకి సాయపడినవాళ్ళకి ఐక్యరాజ్యసమితి ఇచ్చే నాన్సెన్ పతకం ఇచ్చారు. ప్రజలకి, ప్రభుత్వానికి కాదు.

ఇక ఇప్పటి సంగతి. మీరు తెచ్చే కుటుంబం వల్ల ఆ ఏడాది ప్రభుత్వ కాలమ్‌లో ఒక్క పేరు కూడా తగ్గదు, ఎందుకంటే ప్లాన్‌లో ఆ రెండూ వేరువేరు పద్దులు. కానీ వచ్చే ఏడాది ప్లాన్ రాసేటప్పుడు ఏ కాలమ్ ఎంత కోస్తారన్నది రాజకీయం. 2024కి ప్రభుత్వం ఖర్చుతో తెచ్చేవాళ్ళ లక్ష్యం 21,115. 2025కి 15,250. ప్రైవేటు వైపు 27,750 నుంచి 23,000. రెండూ తగ్గాయి, ఎక్కువ కోత పడింది ప్రభుత్వ వాటాలోనే. మీ నాన్నగారికి ఈ నాలుగంకెలు చదివి వినిపించండి. ఆయనకి నచ్చకపోవచ్చు గానీ అర్థమవుతుంది.

అప్లికేషన్లు ఎందుకు ఆపారు? సీట్లు తక్కువ, అప్లికేషన్లు ఎక్కువ. కొన్నేళ్ళపాటు పద్దుల్లో ఉన్న చోటుకంటే ఎక్కువ కాగితాలు తీసుకుంటూ పోయారు. 2023లో వచ్చిన ఆడిటర్ జనరల్ రిపోర్టు ప్రకారం 2022 చివరికి 99,000 శరణార్థి దరఖాస్తులు తేలకుండా ఉన్నాయి. ప్రైవేటు స్పాన్సర్ల కేసులకి సగటున 30 నెలలు పట్టింది. కాబట్టి 2025 పద్దులోని 23,000 మంది ఆ పాత వరసలో ఉన్నవాళ్ళే. కొత్తవాళ్ళకి తలుపు మూసినా ఆ ఏడాది అంకె నిండుతుంది. మీ మొదటి ప్రశ్నకి ఇదే జవాబు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు గనక చెప్తున్నాను. ప్రభుత్వం గడువు పెట్టి అంకె చెప్పినప్పుడు ఆ గడువు అవతల పడినవాళ్ళ పరిస్థితి వేరుగా ఉంటుంది. 2015 అక్టోబర్ ఎన్నికల్లో ట్రూడో పార్టీ 25,000 మంది సిరియన్లని ఆ డిసెంబర్‌కే తెస్తామంది. కుదరక ఫిబ్రవరి చివరికి జరిపారు. డిసెంబర్ 10 రాత్రి మొదటి విమానం టొరంటోలో 163 మందితో దిగితే ప్రధాని స్వయంగా వెళ్ళి చలికోట్లు అందించారు. అంత తొందరలో బేరూట్‌కీ అమ్మాన్‌కీ అదనపు ఆఫీసర్లని పంపి, నిజంగానే ఫిబ్రవరి ముగిసేలోపు అంకె దాటించారు. దాన్ని తక్కువచేసి మాట్లాడను. అలా చేయగలమని చూపించారు. అంకె తాకగానే ఆ అదనపు ఆఫీసర్లని వెనక్కి పిలిచారు. మా కాగితాలు అప్పుడే లోపలికి వెళ్ళాయి.

మా కుటుంబం లెబనాన్‌లో ఉంది. సిరియాలోని హోమ్స్ ఊరివాళ్ళు. ఆయన టైల్స్ వేసే మేస్త్రీ, భార్య, నలుగురు పిల్లలు, ఆయన తల్లి. వస్తారు వస్తారని మేం ముందే ఇల్లు అద్దెకి తీసుకుని కూర్చున్నాం. ఏడుగురంటే ఇల్లిచ్చేవాళ్ళు దొరకరు మరి, దొరికినప్పుడే పట్టుకోవాలి. ఆ వేసవంతా ఖాళీ ఇంటికి అద్దె కట్టాం. ప్రతినెలా ఆ చెక్కు రాస్తుంటే నాకు ఒళ్ళు మండేది. దేశమంతా స్పాన్సర్లు ఇదే గోల పెడితే మంత్రి మళ్ళీ మాటిచ్చారు, మార్చి 31 లోపు పెట్టిన సిరియా కేసులన్నీ ఆ ఏడాది చివరికో, కొత్త ఏడాది మొదట్లోనో తేలుస్తామని. మావాళ్ళు నవంబర్‌లో దిగారు.

దిగాక చేతికొచ్చిన కాగితం చూసి మా గ్రూపులోని మలయాళీ నర్సమ్మ నోరు తెరిచింది. విమానం టికెట్లకీ వైద్యపరీక్షలకీ ప్రభుత్వం ఇచ్చింది అప్పుట. తిరిగి కట్టాలి. అప్పట్లో వడ్డీ కూడా ఉండేది, 2018లో తీసేశారు. 2015 నవంబర్ 4 నుంచి 2016 ఫిబ్రవరి 29 మధ్య వచ్చిన సిరియన్లకి ఆ అప్పు మాఫీ. అదే ఊరు, అదే యుద్ధం, అదే విమానం రూటు. కెమెరాలున్నప్పుడు దిగినవాళ్ళకి మాఫీ, తర్వాత దిగినవాళ్ళకి బిల్లు. ఆ బిల్లు ఆ మేస్త్రీ నాలుగేళ్ళు కట్టాడు. మమ్మల్ని ఒక్క డాలరు కట్టనివ్వలేదు.

డబ్బు విషయం. నలుగురి కుటుంబానికి అప్పట్లో 27,000 డాలర్లు చూపించమనేవారు. ఇప్పటి పట్టిక వేరు, పెరిగింది. ఆ డబ్బు పోగుచేయడం తేలిక. కష్టమంతా మనిషి వెంట ఉండటంలో ఉంది. పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగు, వీసా కాగితంలో ఇంకో స్పెల్లింగు ఉందని ఒక బ్యాంకులో ఖాతా తెరవలేదు. కరెంటు పొయ్యిమీద రొట్టె కాల్చడం ఆ పెద్దావిడకి కుదరక పొగ అలారం మోగి ఫైరింజన్ వచ్చింది. రెండోవాడికి పన్నునొప్పి అర్ధరాత్రే వచ్చేది. వాళ్ళబ్బాయికి బళ్ళో ఏమన్నారో కనుక్కోవడానికి అరబ్బీ వచ్చిన ఫార్మసీ కుర్రాడిని బతిమాలాం. ప్రభుత్వం తెచ్చిన కుటుంబానికి ఇదంతా చూసేది ఒక కేస్ వర్కర్. ఆ అమ్మాయి చేతిలో ఎన్ని కుటుంబాలుంటాయో ఊహించుకోండి. అందుకే మీ నాన్నగారు "ప్రభుత్వం పని మీకెందుకు" అన్నదానికి నా జవాబు: డబ్బు ప్రభుత్వమే పెట్టాలి, ఆయన చెప్పింది నిజం. కానీ అర్ధరాత్రి ఫోనెత్తే పని ఏ శాఖా చేయలేదు.

రాజు, నీకు. మీ తమ్ముడి సీటు 2025 ప్లాన్‌లో 2,32,150 ఉన్న ఎకనామిక్ పద్దులోది. శరణార్థులది మొత్తంలో 15 శాతం కూడా కాదు, అందులో మూడోవంతు ఇక్కడే కేసు గెలిచినవాళ్ళూ వాళ్ళ కుటుంబాలూ. మీ తమ్ముడి స్కోరుకీ కైరోలో ఉన్న ఆవిడకీ సంబంధం లేదు. ఇక పెన్షనర్లకంటే ఎక్కువిస్తారన్న మాట ఈమెయిల్ కాలం నుంచి తిరుగుతోంది, ఇప్పుడు వాట్సాప్‌లోకి వచ్చింది. ప్రభుత్వం తెచ్చినవాళ్ళకి నెలనెలా ఇచ్చేది ఆ రాష్ట్రంలో వెల్ఫేర్ మీద ఉన్నవాళ్ళకి ఇచ్చే రేటును బట్టే, అదీ ఎక్కువలో ఎక్కువ ఏడాది. ఆ డబ్బుతో హామిల్టన్‌లో రెండు గదుల ఇల్లు దొరికితే నాకు అడ్రసు పంపు.


డాలస్_ప్రసాద్:

సుభద్ర గారూ, మీ కాలమ్‌ల లెక్క చదివాక మా వైపు సంగతి కూడా చెప్పాలనిపించింది. కెనడాలో కనీసం కాలమ్‌లున్నాయి. ఇక్కడ అమెరికాలో 1980 రెఫ్యూజీ చట్టం ప్రకారం ఏటా ప్రెసిడెంటు ఒక సీలింగ్ చెప్తారు. అది గరిష్ఠ పరిమితే, ఇంతమందిని తెచ్చి తీరతామన్న హామీ కాదు. 2020 ఆర్థిక సంవత్సరానికి 18,000 అన్నారు. 2022 నుంచి 2025 దాకా వరసగా 1,25,000 అన్నారు. కానీ మొదటి ఏడాది అందులో సగం కూడా రాలేదు, ఎందుకంటే ముందు నాలుగేళ్ళలో శరణార్థుల బాగోగులు చూసే ఏజెన్సీల లోకల్ ఆఫీసులు మూతపడి మనుషులు చెదిరిపోయారు. మళ్ళీ కట్టుకుంటూ వచ్చి 2024కి లక్ష దాటించారు. 2025 జనవరి 20న ఒక్క సంతకంతో మొత్తం ఆగిపోయింది. టికెట్లు చేతిలో ఉన్నవాళ్ళ ప్రయాణాలు కూడా రద్దయ్యాయి.

మా ఆవిడ ఇక్కడ ఒక ఏజెన్సీలో శనివారాలు ఇంగ్లీషు చెప్పేది. ఒక కాంగో కుటుంబం కోసం అపార్ట్‌మెంటు సర్ది, బియ్యం, పప్పు, నూనె కూడా అలమారాలో పెట్టి వచ్చారు. వాళ్ళు రాలేదు. మంచాలు వెనక్కి ఇచ్చేశారు. కెనడాలాగా ఇక్కడా ఐదుగురు కలిసి స్పాన్సర్ చేసే వెల్‌కమ్ కోర్ అనే స్కీము 2023 జనవరిలో మొదలైంది, అదీ పోయింది.

అందుకని వెంకట్ గారూ, మీ దగ్గర ఆపింది అప్లికేషన్లు తీసుకోవడం మాత్రమే, వరసలో ఉన్నవాళ్ళు వస్తున్నారు. ఆ తేడా చిన్నది కాదు.


బాలాపూర్_సాదిక్:

నేను హైదరాబాద్ నుంచి. బాలాపూర్ వైపు ఉన్న రోహింగ్యా బస్తీల్లో సాయంత్రంపూట పిల్లలకి తెలుగు, లెక్కలు చెప్తాను. కొన్నివేలమంది ఉంటారు ఇక్కడ, 2012 తర్వాత మయన్మార్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. మగవాళ్ళు కూలిపనికో చెత్త ఏరడానికో వెళ్తారు. పిల్లలు మాత్రం మనకంటే బాగా హైదరాబాదీ మాట్లాడతారు.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. వీళ్ళ చేతిలో ఉన్నది కూడా యూఎన్ కార్డే. ప్రతి ఇంట్లోనూ "కెనడా ఎప్పుడు తీసుకెళ్తుంది సార్" అని అడుగుతారు. నాకు చెప్పడానికి నోరు రాదు. ప్రపంచం మొత్తంమీద శరణార్థుల్లో ఏటా ఇలా మూడో దేశానికి వెళ్ళేది నూటికి ఒక్కరికంటే తక్కువ. పిలుపు వచ్చినా ఇక్కడినుంచి బయటికి వెళ్ళడానికి మన ప్రభుత్వం ఎగ్జిట్ పర్మిషన్ ఇవ్వాలి. అక్కడ ఆగిపోయిన కుటుంబాలు ఉన్నాయి. అంటే వాళ్ళని తీసుకుంటామన్న దేశం సిద్ధం, మనుషులు సిద్ధం, గేటు మాత్రం తెరుచుకోదు.

ఈజిప్టులో ఎలాగో నాకు తెలీదు గానీ వెంకట్ భాయ్, ఆవిడ అక్కడ ఉండటానికి కాగితాలు సరిగా ఉన్నాయో లేదో ముందు చూడండి. ఇంకోమాట. ఇక్కడ ఒక బ్రోకరు "కెనడా లిస్టులో పేరు ఎక్కిస్తా" అని తలా కొంత వసూలు చేసి మాయమయ్యాడు. ఇలాంటివాళ్ళు కైరోలో కూడా తప్పకుండా ఉంటారు.


మిల్టన్_రాజు:

సుభద్ర ఆంటీ, సరే, పద్దులు వేరని ఒప్పుకున్నాను. పెన్షన్ సంగతి కూడా. కానీ ఇల్లు దొరకని చోటికి ఇంకా మనుషుల్ని తేవడం ఏం న్యాయం అన్న డౌట్ మాత్రం పోలేదు. మీరే అన్నారుగా, ఏడుగురికి ఇల్లివ్వరని.


కిచెనర్_వెంకట్:

అందరికీ థాంక్స్. నాన్నగారికి ఆ నాలుగంకెలు చదివాను. "చూశావా, నేననలే" అన్నారు. తర్వాత కాసేపాగి ఆ పిల్లల వయసులెంత అని అడిగారు.

సుభద్ర గారూ, మరి ఇప్పుడు మేం ఏం చేయాలి? అప్లికేషన్లు మళ్ళీ తీసుకునేదాకా ఊరికే కూర్చోవాలా? ఇంకో సంగతి, ముందు రాయలేదు. ఆవిడ భర్త ఆచూకీ లేదు. ఒమ్‌దుర్మాన్‌లో ఒక చెక్‌పోస్టు దగ్గర పట్టుకెళ్ళారు, ఆ తర్వాత కబురు లేదు. ఫారంలో అతని పేరు రాస్తే కేసు ఆలస్యం అవుతుంది, ఒంటరి తల్లి అని రాస్తే త్వరగా తేలుతుందని కైరోలో ఎవరో చెప్పారట.


హామిల్టన్_సుభద్ర:

భర్త పేరు రాయమనండి. ముందు ఈ ఒక్కటీ చెప్పి తర్వాత మిగతావి. ఇక్కడి చట్టంలో ఒక నిబంధన ఉంది: వచ్చేటప్పుడు ఫారంలో చూపించని భార్యనో భర్తనో బిడ్డనో తర్వాత ఫ్యామిలీ కింద పిలిపించుకోవడానికి వీల్లేదు. ఈమధ్య కొన్ని సడలింపులొచ్చాయి, వాటి భరోసామీద సంసారాన్ని పణం పెట్టకూడదు. పేరు రాసి, పుట్టినతేదీ రాసి, ఆచూకీ తెలియదని రాసి, ఎప్పుడు ఎక్కడ తీసుకెళ్ళారో కూడా రాయాలి. అలా రాసి ఉంటే, రేపు అతను బతికి బయటపడితే, ఆవిడ ఇక్కడ దిగిన ఏడాదిలోపు ఆ కేసుకిందే అతన్ని రప్పించమని అడిగే దారి ఉంటుంది. రాయకపోతే ఆ దారి మూసుకుపోతుంది. కైరోలో ఆ సలహా ఇచ్చినవాడు రేపు ఆవిడకి కనబడడు.

ఇక మీరు. ఐదుగురి గ్రూపు ఇప్పుడు కుదరదు. తెరిచి ఉన్నా మీకు ఇంకో అడ్డం ఉండేది. ఆ పద్ధతిలో శరణార్థిగా గుర్తించినట్టు కాగితం కావాలి. ఈజిప్టులో పసుపు కార్డంటే శరణు అడిగారని, గుర్తింపు వచ్చాక ఇచ్చేది నీలం కార్డు. మా రోజుల్లో సిరియా, ఇరాక్ వాళ్ళకి ఆ షరతు కొంతకాలం తీసేశారు, 2017 జనవరిలో మళ్ళీ పెట్టారు. ఎవరి యుద్ధం ఆ ఏడాది వార్తల్లో ఉంటే వాళ్ళకి రూల్సు మెత్తబడతాయి. సూడాన్‌కి ఆ అదృష్టం లేదు, రాజకీయం అంతే.

ఉన్న దారి: ప్రభుత్వంతో ముందే ఒప్పందం ఉన్న సంస్థలు. వాళ్ళకి ఏటా కొన్ని సీట్లు కేటాయిస్తారు, వాళ్ళ కేసులకి ఆ గుర్తింపు కాగితం అడగరు. మీరు సరైన ఊళ్ళోనే ఉన్నారు. కిచెనర్, వాటర్లూ చుట్టుపక్కల మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు ఎక్కువ. 1979 మార్చిలో ప్రభుత్వంతో ఇలాంటి ఒప్పందం మొట్టమొదట చేసుకున్నది మెన్నొనైట్ సెంట్రల్ కమిటీనే. మీరు హిందువులా, ఏ గుడికి వెళ్తారు అని వాళ్ళడగరు. మా గ్రూపులో ఒక ముసలి పోలిష్ క్యాథలిక్కూ, నేనూ, ఏ దేవుడూ లేని ఒక మాస్టారూ ఉండేవాళ్ళం. మా సీట్లు ఈ ఏడాదికి అయిపోయాయి అంటారు, అది నేను ఇప్పుడే చెప్పగలను. అయినా వెళ్ళి పేరు, కుటుంబం వివరం, మీ ఐదుగురి సంగతి రాసిచ్చి రండి. రెండు మూడు చోట్ల అడగండి, క్యాథలిక్, ఆంగ్లికన్ డయోసీస్‌లకి (చర్చి ప్రాంతీయ కార్యాలయాలకి) కూడా శరణార్థుల ఆఫీసులుంటాయి. సీటు వచ్చినప్పుడు వాళ్ళు వెతికేది డబ్బు సిద్ధంగా ఉన్న గ్రూపుని. డబ్బు గ్రూపు పేరుమీద వేరే ఖాతాలో పెట్టండి, ఇద్దరి సంతకం మీద. ఆ చెల్లెలి దగ్గర ఒక్క పైసా తీసుకోకండి, ముందూ వద్దు, వచ్చాక "తిరిగిచ్చేస్తాం" అన్నా వద్దు. రూల్సు ఒప్పుకోవు, తేలితే కేసే పోతుంది.

ఈలోపు ఖాళీగా ఉండాల్సిన పని లేదు. ప్రభుత్వం తెచ్చిన కుటుంబాలు మీ ఊళ్ళో ముందు దిగేది రిసెప్షన్ హౌస్ అనే సంస్థ దగ్గర. అక్కడికి వాలంటీర్లుగా వెళ్ళండి. ఇంకా మంచిది, ఏడాది సాయం అయిపోయిన కుటుంబాల గురించి అడగండి. స్పాన్సర్లం దాన్ని పదమూడో నెల అంటాం. పన్నెండు నెలలు అందరూ చుట్టూ ఉంటారు. పదమూడో నెలలో అద్దె అదే, చెక్కు ఉండదు, ఉద్యోగం ఇంకా సరిగా దొరకదు. మా మేస్త్రీకి ఆ నెలలో పనికంటే డ్రైవింగ్ లైసెన్సు ఎక్కువ అవసరమైంది, సైటుకి వెళ్ళాలంటే కారు కావాలిగా. మా మాస్టారు తన పాత కొరొల్లాలో నేర్పించాడు. మీ గుజరాతీ పొరుగువారిలో ఎవరికైనా ఓపికుంటే ఆ పని పెట్టండి.

రాజు, ఇళ్ళ సంగతి నువ్వన్నది నిజం. దానికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్తాను, మా ఏడుగురికి చివరికి ఇల్లిచ్చింది మీలాగే మిల్టన్‌లో ఉండే ఒక పంజాబీ ట్రక్కు డ్రైవరు, తన బేస్‌మెంటూ పై అంతస్తూ కలిపి. ఇప్పుడు ఆ ఇంటి బాత్రూముల్లో టైల్స్ అన్నీ ఎవరు వేశారో చెప్పక్కర్లేదు.

వెంకట్ గారూ, ఈ వారం చేయాల్సింది ఒకటే. ఆవిడ యూఎన్ దగ్గర రాయించుకున్నప్పుడు భర్త పేరు చెప్పిందో లేదో మీ ఫ్రెండ్‌ని కనుక్కోమనండి. చెప్పకపోతే వెళ్ళి సరిచేయించుకోవాలి. అక్కడ ఒకటి, ఇక్కడి ఫారంలో ఒకటి ఉంటే ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.